అతిథి ‘వద్దు’ అన్నప్పుడు

 

గత మాసం ఈ శీర్షికలో ఆతిథ్య మర్యాదల గురించి రాశాను. అతిథిని గౌరవించడం విశ్వాసి లక్షణమని, ఉన్నంతలో శ్రేష్ఠమైనదాన్ని అతిథి ముందుంచాలని విన్నవించుకున్నాను. ఆ రచనలో ఒక లోపం ఉండిపోయింది. అతిథి ‘వద్దు’ అన్నప్పుడు ఆతిథేయి ఏం చేయాలన్నది అందులో లేదు. మరచిపోయి వదిలేయలేదు, సిగ్గుపడి వదిలేశాను. ఆ విషయంలో నా వల్ల జరిగిన తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెట్టి ఇతరులకు మర్యాదలు బోధించడం సరికాదనిపించి ఈ మాసం దానినే రాస్తున్నాను.

నా పెద్ద కుమారుని వలీమా నాటి సంగతి ఇది. మా ఇంటి పెద్దలలో ఇప్పుడు మిగిలింది మా ఆపా ఒక్కరే. ఆమెకు 61 సంవత్సరాలు. ఆ రోజు స్త్రీల దస్తర్‌ఖాన్ వద్ద ఆమె ముందుకు మిర్చీకా సాలన్ వస్తే పక్కకు జరిపారు. వంకాయ తింటే నోరు దురద పెడుతోందని నాలుగేళ్లుగా ఆమె బగారా బైంగన్ మానేసిన సంగతి నాకు తెలుసు. “ఆపా, ఇది మిర్చీ సాలన్, ఇందులో వంకాయ లేదు” అన్నాను. ఆమె ఒక ముద్ద తిని ఆగి, “నాలుక చిమచిమలాడుతోంది తమ్ముడూ, ఇక వద్దు” అన్నారు.

కోడలి పుట్టింటివారు అక్కడే కూర్చుని ఉన్నారు. మా ఆపాయే మా ఇంటి వంటను పక్కన పెడితే వారేమనుకుంటారోనన్న చింత నా బుద్ధిని కప్పివేసింది. “మిరపకాయ చిమచిమలాడక ఏం చేస్తుంది ఆపా! బిస్మిల్లాహ్ అని తినండి, ఏమీ కాదు” అన్నాను. నా మాట తీసివేయలేక ఆమె మరో నాలుగు ముద్దలు తిన్నారు.

పావుగంట కూడా గడవలేదు. అరచేతులు, అరికాళ్లు దురద పెడుతున్నాయన్నారు. ముఖం, మెడ ఎర్రబడ్డాయి. గొంతు బొంగురుపోయింది. కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వచ్చి వాంతి చేసుకున్నారు. చుట్టూ ఉన్నవారు తలా ఒక మాట అన్నారు. పట్టుచీరకు వేడి చేసిందని ఒకరు, షుగర్ పడిపోయిందని ఒకరు. నజర్ తగిలిందని ఒక పెద్దావిడ ఎండుమిరపకాయల కోసం వంటవారి దగ్గరకు పరుగెత్తారు. నిమ్మరసం తాగించారు. గాలి తగిలితే తేరుకుంటారని నేను, మా అల్లుడు చెరోవైపు పట్టుకుని ఆమెను లేపి నిలబెట్టాం. రెండడుగులు వేసి ఆమె నా భుజం మీదనే కూలిపోయారు.

వచ్చినవారిలో ఒక నర్సు ఉండటం అల్లాహ్ కారుణ్యం. ఆమె మమ్మల్ని గదమాయించి ఆపాను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టించారు, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టించారు. “ఎవ్వరూ లేపవద్దు, కూర్చోబెట్టవద్దు, అంబులెన్స్ రానివ్వండి” అన్నారు. ఆసుపత్రిలో తొడ కండరానికి అడ్రినలిన్ సూదిమందు ఇచ్చారు. నేను గోడకు ఆనుకుని దుఆ చేస్తూ ఉండగానే, కొద్ది నిమిషాల్లో పడిపోయిన రక్తపోటు లేచింది, గొంతు విచ్చుకుంది. లక్షణాలు తగ్గినా కొన్ని గంటల తరువాత మళ్లీ తిరగబెట్టవచ్చునని ఆ రాత్రి అక్కడే ఉంచారు. వలీమా భోజనాలు ఎలా ముగిశాయో నాకు తెలియదు.

మరునాడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, “ఇలా ఎప్పుడైనా ముందు జరిగిందా?” అని. లేదని నేను చెప్పబోతుండగా ఆపా తలవంచుకుని, “రెండుసార్లు జరిగింది” అన్నారు. ఒక చలికాలం మనవరాలు తెచ్చిన నువ్వుల లడ్డు తిన్న అరగంటకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయట. మన ఇళ్లలో దానిని ‘పిత్తీ’ అంటాం కదా, అదే అనుకుని కంబళి కప్పుకుని పడుకున్నారట. మరోసారి బగారా బైంగన్ తిన్నప్పుడు పెదవులు వాచాయట. అప్పటి నుండి వంకాయ మానేశారు. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఈ వయసులో తిండి దగ్గర నఖ్రాలు చేస్తోందని కోడళ్లు అనుకోరా?” అన్నారు.

ఆమె మానేసింది వంకాయను. తినడం ఆపనిది నువ్వులను. బగారా బైంగన్‌కూ మిర్చీకా సాలన్‌కూ మసాలా ఒకటే: వేయించి నూరిన నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు పులుసు. వంకాయ లేదు కనుక భయం లేదని ఆమెకు ధైర్యం చెప్పిన నేను, మసాలాలో ఏముందని ఒక్క క్షణం ఆలోచించలేదు. వంకాయను అనుమానించడంలో ఆమె తప్పు కూడా లేదు. వంకాయలో హిస్టమిన్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. ఎలర్జీ లేనివారిలో సైతం అది నోటికి దురద కలిగించవచ్చు. కాబట్టి నిందితుడు ఎదురుగా కనిపిస్తుంటే దోషిని వెతకాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

“చిన్నప్పటి నుండి తింటున్న నువ్వులు ఇప్పుడెలా పడకుండా పోయాయి?” అన్నది నా ప్రశ్న. బహుశా మీ ప్రశ్న కూడా ఇదే కావచ్చు. తిండి ఎలర్జీ పసిపిల్లల వ్యాధి అని, పెద్దయ్యాక పోయేదే తప్ప వచ్చేది కాదని మనలో బలమైన అభిప్రాయం ఉంది. అది నిజం కాదు. అమెరికాలో నలభై వేల మందికి పైగా పెద్దలను విచారించి 2019లో ప్రచురించిన ఒక పరిశీలనలో నూటికి దాదాపు 11 మందిలో తిండి ఎలర్జీ లక్షణాలు కనిపించాయి. వారిలో ఇంచుమించు సగం మందికి కనీసం ఒక ఎలర్జీ పద్దెనిమిదేళ్లు దాటిన తరువాతే వచ్చింది. పెద్దలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించినది రొయ్యలు, పీతల వంటి వాటి ఎలర్జీ. ముప్పై ఏళ్లు హాయిగా రొయ్యల పులావ్ తిన్నవారికి ముప్పై ఒకటో ఏట అది పడకపోవచ్చు. కోస్తా జిల్లాల పాఠకులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఉడికిస్తే పోతుందనుకోవడానికి లేదు. రొయ్యలలో ఎలర్జీ కలిగించే ముఖ్యమైన ప్రొటీన్ వేడికి చెక్కుచెదరదు.

జరిగేది ఇది. శరీరానికి అల్లాహ్ ఒక రక్షణ వ్యవస్థను ప్రసాదించాడు. శత్రువు ప్రవేశిస్తే గుర్తించి ఎదుర్కోవడం దాని పని. ఏదో ఒక దశలో అది ఒక ఆహార ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడి, దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసి పెట్టుకుంటుంది. మరోసారి ఆ పదార్థం లోపలికి వెళ్లగానే హిస్టమిన్ మొదలైన రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. చర్మం, శ్వాసనాళాలు, జీర్ణాశయం, రక్తనాళాలు అన్నీ ఆ దెబ్బ తింటాయి. రెండు మూడు అవయవాలు ఒకేసారి లోనై ప్రాణం మీదికి వచ్చే స్థితిని అనాఫిలాక్సిస్ అంటారు. మా ఆపాకు జరిగింది అదే.

మూడోసారి అంత తీవ్రంగా ఎందుకు వచ్చిందో కూడా డాక్టరుగారు విచారించారు. ఆ ఉదయం మోకాళ్ల నొప్పికి ఆమె ఒక మాత్ర వేసుకున్నారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొందరిలో ఎలర్జీ తీవ్రతను పెంచుతాయి. జ్వరం, తిన్న వెంటనే చేసే శారీరక శ్రమ కూడా అంతే. కొందరికి గోధుమ తిని కూర్చుంటే ఏమీ కాదు. గోధుమ తిని రెండు మూడు గంటలలోపు వేగంగా నడిస్తేనో, బరువులు మోస్తేనో దద్దుర్లు లేచి కళ్లు తిరుగుతాయి. ఇఫ్తార్‌లో హలీమ్ తిని హడావుడిగా బయలుదేరి దారిలో పడిపోయిన మనిషిని చూస్తే ఉపవాసపు నీరసమని అనుకుంటామే తప్ప, హలీమ్‌లోని గోధుమను ఎవరు అనుమానిస్తారు?

మన పూర్వీకులు ఇటువంటి వింతలను గమనించకపోలేదు. రయ్ నగరానికి చెందిన మహా వైద్యుడు అబూ బక్ర్ అర్రాజీ, వసంతంలో గులాబీల వాసన తగిలితే అబూ జైద్ అల్‌బల్ఖీకి జలుబు ఎందుకు చేస్తుందన్న అంశం మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశారు. వెయ్యేళ్ల నాటి మాట! లోకమంతా ఆనందించే గులాబీ ఒక్క మనిషికి హాని చేస్తోందంటే ‘నఖ్రా’ అని తోసివేయకుండా, కారణం వెతకవలసిన విషయంగా ఆయన భావించారు. మదర్సాలో ఆయన పేరు గర్వంగా చెప్పుకునే నేను, సొంత సోదరి మాట దగ్గర ఆ పని చేయలేకపోయాను.

ధార్మికంగా కూడా నా దగ్గర సాకు లేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే వదిలేసేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మనం దాని మొదటి సగం పట్టుకుని పిల్లలను, ఆడవారిని గద్దిస్తాం. రెండో సగం మాట ఎత్తం. వదిలేయడం కూడా సున్నత్‌లోనే ఉంది! కాల్చిన ఉడుము మాంసం వడ్డించినప్పుడు ఆయన (స) చేయి వెనక్కి తీసుకున్నారు. అది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ (రజి) అడిగితే, కాదని, తమ ప్రాంతంలో అది ఉండదు కనుక తమకు సయించడం లేదని చెప్పారు. హజ్రత్ ఖాలిద్ (రజి) దాన్ని తమ వైపుకు లాక్కుని తిన్నారు. ఒకరు తిన్నారు, ఒకరు వదిలారు, ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఒకటుంది. ఉమ్ముల్ ముంజిర్ (రజి) ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతుంటే దైవప్రవక్త (స) తింటున్నారు. జబ్బుపడి అప్పుడప్పుడే కోలుకుంటున్న హజ్రత్ అలీ (రజి) కూడా తినబోతే ఆయన వారించారు. ఆమె బార్లీ, ఆకుకూర కలిపి వండి తెచ్చినప్పుడు మాత్రం, ఇది మీకు మేలు, దీనిని తినండని అలీ (రజి)కి చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీలలో ఉన్న ఉల్లేఖనం ఇది. ఖర్జూరం శుభప్రదమైన పండు కాదని ఎవరంటారు? అయినా ఒక మనిషి ఒంటికి ఒక సమయంలో అది తగలేదు. శుభాన్ని నమ్మడం, పథ్యాన్ని పాటించడం అక్కడ ఒకే దస్తర్‌ఖాన్ మీద జరిగాయి.

ఇక నేను చదివినప్పుడల్లా వణికే హదీసు మరొకటి అబూ దావూద్‌లోనే ఉంది. ప్రయాణంలో ఒక సహచరుని తల పగిలింది. ఆయనకు గుస్ల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగితే, నీళ్లున్నాయి కనుక వీల్లేదన్నారు. ఆయన స్నానం చేసి మరణించారు. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) వారి మీద తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకుని ఉండాల్సిందన్నారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ హదీసును విద్యార్థులకు బోధిస్తున్నాను. ‘ఏమీ కాదు, తినండి’ అన్న నా ఫత్వా ఆ కోవలోనిదేనని ఆసుపత్రి గోడకు ఆనుకుని నిలుచున్నప్పుడు అర్థమైంది.

అయితే పాఠకులు మరో కొసకు పోకూడదని కోరుతున్నాను. పడని ప్రతి తిండీ ఎలర్జీ కాదు. నేను పైన చెప్పిన అమెరికా పరిశీలనలోనే నూటికి దాదాపు 19 మంది తమకు ఎలర్జీ ఉందని నమ్ముతున్నారు, కాని ఎలర్జీకి సరిపోయే లక్షణాలు చెప్పగలిగింది 11 మందే. పాలు తాగితే కడుపు ఉబ్బరించి విరేచనమయ్యేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. అది పాలలోని చక్కెర అరగకపోవడం. ఇబ్బందే గాని ప్రాణాపాయం కాదు, కొద్దిగా తాగితే సరిపడవచ్చు, పెరుగు పడవచ్చు. విందు తిన్న నలుగురికీ వాంతులయితే అది ఆహారం చెడిపోవడం. సరిగా చల్లదనంలో ఉంచని కొన్ని చేపలలో హిస్టమిన్ పేరుకుని, తింటే అచ్చం ఎలర్జీలాగే ముఖం ఎర్రబడుతుంది. అక్కడ దోషం చేప నిల్వలో ఉంది, మనిషిలో కాదు.

ఎలర్జీని పట్టించే గుర్తు ఏమిటంటే, అదే పదార్థం తిన్న ప్రతిసారీ, కొంచెం తిన్నా సరే, సాధారణంగా కొన్ని నిమిషాల నుండి రెండు గంటల లోపల అదే బాధ తిరిగి రావడం. నోటి దురద, పెదవుల వాపు, దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతల ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం ఇందులో ఏవైనా ఉండవచ్చు. దద్దుర్లు లేవకుండానే ఊపిరి అందకపోవడం, స్పృహ తప్పడం కూడా కొందరిలో జరుగుతుంది. కనుక ఒంటిమీద మచ్చ లేదు కాబట్టి ఎలర్జీ కాదనుకోరాదు. రెండు గంటల లెక్కకు ఒక మినహాయింపు ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒక రకం పిడుదు పురుగు కుట్టిన కొందరికి మేక, గొర్రె, ఎద్దు మాంసం తిన్న మూడు నుండి ఆరు గంటల తరువాత, తరచుగా నిద్రలో, ఎలర్జీ వస్తుంది. పిల్లలు అక్కడ స్థిరపడినవారు ఖుర్బానీ రోజులలో వారికి ఈ మాట చేరవేయండి.

అనుమానం కలిగితే పుస్తకం తీసుకుని రాయండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, ఎంతసేపటికి ఏమైంది, ఆ రోజు ఏ మాత్ర వేసుకున్నారు, ఎక్కువగా నడిచారా. వంటకం పేరు రాస్తే చాలదు, అందులో పడిన ప్రతి దినుసూ రాయాలి. ఆపా బగారా బైంగన్ అని కాకుండా దినుసులు రాసుకుని ఉంటే, లడ్డుకూ దానికీ మధ్య నువ్వులు తప్ప వేరే సంబంధం లేదని ఏ పదో తరగతి పిల్ల అయినా చెప్పేది. ఆ పుస్తకంతో ఎలర్జీ నిపుణుల వద్దకు వెళ్లాలి. చర్మం మీద చిన్న సూదితో చేసే పరీక్ష, ఐజీఈ రక్తపరీక్ష ఉంటాయి. ఆపాకు నువ్వులకు పరీక్షలో గుర్తు వచ్చింది, పల్లీలకు రాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పరీక్ష ఒక్కటే తీర్పు కాదు. మన పొరుగున ఉన్న కర్ణాటకలో పెద్దల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో నూటికి 26 మందికి పైగా రక్తంలో ఏదో ఒక తిండికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు కనిపించాయి. లక్షణాలతో సహా ఎలర్జీ ఉండవచ్చునని తేలింది మాత్రం నూటికి కాస్త అటూ ఇటూగా ఒక్కరికి. కనుక వందరకాల తిండి జాబితాతో రక్తపరీక్ష చేయించుకుని, కాగితంలో గుర్తు ఉన్నవన్నీ మానేసి చిక్కిపోవడం అవివేకం. ఐజీజీ పేరిట అమ్మే పరీక్షలు ఎలర్జీని నిర్ధారించవు. ఇంట్లోనే కొంచెం తినిపించి చూద్దామనుకోవడం వీటన్నిటికంటే ప్రమాదం. ఆ పరీక్ష డాక్టరు సమక్షంలో, మందులు సిద్ధంగా పెట్టుకుని చేసేది.

నువ్వులు తగలని మనిషి ఇంట్లో ఉంటే గాని అవి ఎక్కడెక్కడ దాగి ఉంటాయో తెలియదు. నాన్ మీద, షాపు బన్ను మీద, ఇడ్లీ పొడిలో, గజక్‌లో, హమ్మస్‌లో, నువ్వుల నూనెతో పెట్టిన ఆవకాయలో ఉంటాయి. ప్యాకెట్ ఆహారాల మీద ఎలర్జీ కారకాలను ప్రత్యేకంగా పేర్కొనాలని మన ఆహార భద్రతా సంస్థ 2020 నాటి లేబుల్ నిబంధనలలో ఆదేశించింది. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఆ జాబితాలో ఉన్నాయి. నువ్వులు లేవు! అందుచేత ఆపా విషయంలో హెచ్చరిక పంక్తితో సరిపెట్టుకోకుండా దినుసుల పట్టిక మొత్తం చదవక తప్పడం లేదు. హలాల్ ముద్ర కోసం ప్యాకెట్ తిప్పి చూసే అలవాటు మనకు ఎలాగూ ఉంది. మరో నాలుగు పంక్తులు చదవడం కష్టమేమీ కాదు.

ప్రమాద సమయంలో చేయవలసినవి కొన్నే. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఊపిరాడక పోతుంటే మాత్రం కూర్చోనివ్వాలి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. నిలబెట్టకూడదు, నడిపించకూడదు. మేము చేసిన ఆ ఒక్క పనే ఆమె ప్రాణం తీసి ఉండేది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. అసలైన మందు తొడ వెలుపలి వైపు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. సెట్రిజిన్ వంటి మాత్ర దురదను తగ్గిస్తుందే గాని, మూసుకుపోతున్న గొంతును, పడిపోతున్న రక్తపోటును ఆపలేదు. కలోంజీ మీద, తేనె మీద నాకున్న విశ్వాసం మీకు తెలిసినదే. వాటిని ఆ క్షణంలో వెతుక్కోవడం విశ్వాసం కాదు. దుఆ నాలుక చేసే పని, దానివల్ల చేతులు ఖాళీగా ఉండనవసరం లేదు. ఉపవాసంలో ఇటువంటి ప్రాణాపాయం వస్తే ఉపవాసం విరమించి తరువాత పూరించుకోవచ్చునన్న విషయంలో ధర్మవేత్తల మధ్య భేదం లేదు. అది అడగడానికి ఆ సమయంలో ఏ మౌలానాకూ ఫోన్ చేయకండి.

తనంతట తాను పొడుచుకునే అడ్రినలిన్ పెన్ను మన దేశంలో సులువుగా దొరకడం లేదు. డాక్టరుగారు మందు సీసా, సిరంజీ రాసిచ్చి, మోతాదు గుర్తు పెట్టి, ఆపా కోడళ్లిద్దరికీ ఎలా ఇవ్వాలో నేర్పారు. ఎక్కడికి వెళ్లినా ఒక చిన్న డబ్బీ ఆమె సంచిలో తస్బీహ్ పక్కన ఉంటుంది. రక్తపోటుకు వాడే మాత్రలలో కొన్ని ఈ సూదిమందు పనితీరుకు అడ్డు తగలవచ్చు కనుక అవి వాడేవారు డాక్టరుకు ముందే చెప్పాలి.

మా మదర్సా వంటశాలలో ఇప్పుడు ఒక పలక వేలాడుతోంది. ఆ రోజు వండినవాటిలో పల్లీలు, నువ్వులు, జీడిపప్పు, గుడ్డు, చేప ఉంటే వంటమనిషి సుద్దముక్కతో రాస్తాడు. పలక పెట్టిన మూడో వారంలో హిఫ్జ్ చదివే ఒక యువకుడు నా గదికి వచ్చి, జీడిపప్పు తిన్నప్పుడల్లా తన గొంతు పట్టేసినట్లవుతుందని, ఏడాదిగా ఖుర్మా రోజున కడుపునొప్పి అని చెప్పి భోజనానికి రాకుండా ఉంటున్నానని చెప్పాడు. ఎందుకు చెప్పలేదని అతణ్ణి నేను అడగలేదు.

మొన్నటి ఈద్‌కు ఆపా మా ఇంటికి వచ్చారు. దస్తర్‌ఖాన్ పరిచాక ఆమె గిన్నెలవైపు చూడలేదు, నావైపు చూశారు. సాలన్‌లో ఈసారి నువ్వులు వేయలేదని, కొబ్బరి, పల్లీలతోనే నూరించానని, గరిటె కూడా వేరే పెట్టించానని చెప్పాను. “నూనె?” అన్నారు. లేచి వంటింట్లోకి వెళ్లి నూనె డబ్బా తెచ్చి ఆమె చేతికిచ్చాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మొదటి అక్షరం నుండి చివరి అక్షరం దాకా చదివి, అప్పుడు బిస్మిల్లాహ్ అన్నారు.